యజమాని ఎక్కితే రాని చప్పుడు

ఇరవై రెండేళ్ళుగా చింతాద్రిపేటలో లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. చప్పుడు చేసే బండిని నా ముందు నిలబెడితే రోగం ఎక్కడుందో చెప్పేస్తాను. కానీ చప్పుడే చెయ్యని పడవను చూపించి, చప్పుడు ఎందుకొస్తోందో చెప్పమంటే నేనేం చెయ్యను? తొంభై ఆరు ఎండాకాలంలో ఆ పనికోసం మూడు మంగళవారాలు తగలేశాను.

పడవ యతిరాజులుది. జార్జిటౌన్లో పప్పుల టోకు వ్యాపారం చేసుకుంటూ హాయిగా ఉండక, కోడంబాక్కంలో ఒక సినిమా కంపెనీ ఒకే ఒక్క పాటకు వాడి వదిలేసిన మోటారు బోటు కొన్నాడు. ముట్టుకాడు ఉప్పుటేట్లో వేసి, షికారుకొచ్చిన జనాన్ని తిప్పుతున్నాడు. దాని ఇంజను లారీకి ఉన్నట్టే లోపల ఉంటుంది. నీళ్ళను నెట్టే ఫ్యాను మాత్రం పడవ వెనక గోడకు బయట వేలాడే పెద్ద లోహపు కాలుకు ఉంటుంది. స్టీరింగు తిప్పితే ఆ కాలు మొత్తం అటూ ఇటూ తిరుగుతుంది. దాన్ని స్టెర్న్‌డ్రైవ్ అంటారని అమ్మినవాళ్ళు చెప్పారట. మేం మాత్రం కాలు అనే అన్నాం.

బోటు నడిపేది దొరస్వామి. కాశిమేడు లాంచీల్లో పదిహేనేళ్ళు పనిచేసి వచ్చినవాడు. ఆ కాలులోంచి ఏదో చప్పుడు వస్తోందని అతను చెప్పడం, యతిరాజులు వెంటనే ఎక్కి చూడడం, చప్పుడు రాకపోవడం. ఇదీ వరస. అంతటితో ఊరుకోక, దొరస్వామి రెండు ఆదివారాలు జనాన్ని సగం దారిలోంచి వెనక్కి తెచ్చి దింపేశాడు. యతిరాజులుకు తిక్క రేగింది.

"వీడికి ఎండలో పోను ఒళ్ళు వంగదు మేస్త్రీ. అదాన్, అందుకే చప్పుడూ గిప్పుడూ అంటా ఉండాడు. నేనెక్కితే ఎందుకు రాదంట?" అన్నాడు నాతో. "నువ్వు మూడు తూర్లు చూడు. మూడో తూరీ నువ్వు లేదంటే వీణ్ణి మాన్పించేస్తా."

మాన్పించేస్తే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. పడవలు కట్టే జెట్టి వెనక దొరస్వామి, అతని భార్య మునియక్క కాపురముంటున్న రేకుల షెడ్డు కూడా యతిరాజులుదే. అంటే ఒక సంసారం ఉండడం, ఊడడం నా నోటిమాట మీద పెట్టాడన్నమాట. నేను అడిగానా ఈ పెద్దరికం?

మొదటి మంగళవారం ఫ్యానుకు వల దారాలు చుట్టుకున్నాయేమోనని చూశాను. లేవు. సరే, నడిపి చూద్దామంటే యతిరాజులు గొడుగు వేసుకుని ముందే ఎక్కి కూర్చున్నాడు. నేను చూసేటప్పుడు తను లేకుండా బోటు కదలకూడదట. దొరస్వామి తప్ప ఇంకెవరూ స్టీరింగు ముట్టుకోకూడదు. ఉప్పుటేటి నడుమ ఇసుక దిబ్బ మీద జాలర్లు నిలిపిన అమ్మవారి రాయి ఒకటుంది. యతిరాజులు ఎక్కితే జెట్టినుంచి తిన్నగా పోయి దాని చుట్టూ మూడు చుట్లు తిరిగి రావడం ఆనవాయితీ. నేను ఇంజను పెట్టె మూత తీసి, తల లోపల దూర్చి, స్క్రూడ్రైవరు ఒక కొస చెవికి, ఇంకో కొస ఇంజనుకు ఆనించి, మూడు చుట్లూ విన్నాను. శుభ్రంగా ఉంది.

"ఏమీ లేదు," అన్నాను.

రెండో మంగళవారం కాలులో ఆయిలు దించి చూశాను. గేర్లు అరిగితే ఇనప పొడి రావాలి. రాలేదు. మళ్ళీ గొడుగు, మళ్ళీ దిబ్బ, మళ్ళీ మూడు చుట్లు. వీపు మీద ఎండ, ముక్కులో పెట్రోలు కంపు. చప్పుడు మాత్రం రాదు. దొరస్వామిని పక్కకు పిలిచి అడిగాను.

"ఎప్పుడొస్తాదిరా అది?"

"ముఖద్వారం కాడికి పోయి తిరుక్కునేటప్పుడు వస్తాదన్నా."

"ఎట్లా వస్తాది?"

"టకటక అని. ఒక్కోతూరి గరగర అంటాది. నా అరికాళ్ళ కింద కొట్టినట్టుంటాది."

"టకటకనా గరగరనా? ఏదో ఒకటి చెప్పు!"

"రెండూనన్నా," అన్నాడు బిక్కమొహంతో.

ఏరు సముద్రంలో కలిసే ఆ ముఖద్వారం దగ్గర నీళ్ళు తక్కువ గదా, ఫ్యాను ఇసుకకు తగిలిందేమోలే అనుకున్నాను. అదే చెప్పాను కూడా. "ఏమీ లేదు," అని రెండోసారి తీర్పిచ్చి బస్సెక్కాను.

మూడో మంగళవారం ఇంజను బోల్టులన్నీ బిగించి, బెల్టు మార్చి, ఇక మార్చడానికి ఏమీ మిగలక నా జాతకాన్ని తిట్టుకుంటూ తల మళ్ళీ పెట్టెలో దూర్చాను. మూడు చుట్లయ్యాయి. ఇంజను కుట్టుమిషనులా పాడింది. జెట్టి మెట్ల దగ్గర దిగి యతిరాజులు గొడుగు ముడిచాడు.

"ఏం మేస్త్రీ? చప్పుడుండాదా లేదా?"

దొరస్వామి నా మొహం వంక చూస్తున్నాడు. నేనేం చెయ్యను? విననిది విన్నానని చెప్పనా?

"లేదు," అన్నాను.

"విన్నావా?" అన్నాడు యతిరాజులు దొరస్వామితో. "బోటు లోపల కట్టేసి తాళం తెచ్చి ఈడ పెట్టు. సాయంత్రంలోగా షెడ్డు ఖాళీ చెయ్యి."

దొరస్వామి జెట్టికి కట్టిన తాడు విప్పాడు. నేనూ దిగిపోయేవాణ్ణే. కానీ రెంచీ ఒకటి ఇంజను కిందికి జారిపోయింది. దానికోసం బోర్లా పడి చెయ్యి చాపి వెతుకుతుంటే, దొరస్వామి బోటును జెట్టి లోపలి వైపుకు తీసుకుపోవడానికి స్టీరింగు తిప్పాడు.

టకటకటకటక. నా పొట్ట కింద చెక్క అదిరింది.

"ఆపు!" అని అరిచాను. "ఇప్పుడేం చేసినావు?"

"ఏం చెయ్యలేదన్నా. ఎడమకు తిప్పినా, అంతే."

"కుడికి తిప్పు."

తిప్పాడు. చప్పుడు లేదు.

"ఎడమకు!"

టకటకటక. అప్పుడు గరగర కూడా వినబడింది. ఇంజనుకూ ఆ కాలుకూ నడుమ లారీ షాఫ్టుకు ఉన్నట్టే ఒక క్రాసు ఉంటుంది, మోకాలి కీలు లాంటిది, రబ్బరు ముసుగు లోపల. కాలు వంగినప్పుడు అదీ వంగాలి. అరిగిన క్రాసు ఒక పక్కకు వంగితే ఊరుకుంటుంది, ఇంకో పక్కకు వంగితే కొడుతుంది. ఏ లారీ క్లీనర్ను అడిగినా చెప్పే సంగతి.

నాకు కోపం నషాళానికి అంటింది. "మూడు తూర్లు నా ముందర ఒక్కతూరైనా ఎడమకు తిప్పి చావొచ్చు గదరా!"

"మొదలాళి గొడుగేసుకోని ఎక్కుంటే ఎట్లా తిప్పేదన్నా? అమ్మోరికి ఎడమచుట్టు చుట్టొచ్చునా? ప్రదక్షిణం కుడికే గదా. మొదటి దినమే చెప్పిపెట్టినాడు. ఎడమకు తిప్పితేనే వస్తాదని నాకు మాత్రం ఏం తెలుసు?"

ఇంకా తిట్టేవాణ్ణే. కానీ మూడు మంగళవారాలు తల పెట్టెలో పెట్టుకుని, బోటు ఏ పక్కకు తిరుగుతోందో ఒక్కసారి కూడా తలెత్తి చూడనిది ఎవరు? నేనే. 

జెట్టి దగ్గరికి పోయి, ఎడమకు తిప్పిస్తాను, ఎక్కి వినమని యతిరాజులును పిలిచాను.

"ఎడమచుట్టా? నన్నెక్కించుకోనా? ముడియాదు, కుదరదు!" అన్నాడు రెండడుగులు వెనక్కి వేసి.

"ఎక్కద్దు సామీ! ఆడనే నిలబడి ఇను!"

దిబ్బకు దూరంగా, జెట్టి ముందర ఎడమకు గుండ్రంగా తిప్పించాను. ఆ టకటక ఒడ్డు దాకా వినబడింది. యతిరాజులు గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత బోటును ఒడ్డుకు లాగించి, కాలు విప్పి చూపించాను. రబ్బరు ముసుగులోంచి తుప్పునీళ్ళు కారాయి. క్రాసును రెండు వేళ్ళతో పట్టుకుంటే ఊగింది.

"ఇంకో రెండు వారాలు నడిపింటే ఇది తెగి, ఈ రబ్బరు చించి, బోటులోకి నీళ్ళొచ్చేవి. జనాన్ని వెనక్కి తెచ్చి దింపినాడే, అందుకు వీడికి దండం పెట్టాల," అన్నాను.

యతిరాజులు క్రాసును ఒకసారి తనే ఊపి చూశాడు. "నేనెక్కినప్పుడు రాలేదంటే, అది అమ్మోరి దయ మేస్త్రీ," అన్నాడు. నేను చేతిలోని రెంచీని గట్టిగా పట్టుకుని సముద్రం వైపు తిరిగాను. ఆయన కారెక్కబోతూ, "సరి, వాణ్ణి ఉండమను," అన్నాడు. అది కూడా నాతోనే.

షెడ్డు ముందు మునియక్క గిన్నెలు మూట కట్టేసి కూర్చుంది. ఇక విప్పెయ్యమ్మా, పోవద్దు అన్నాను. ఆమె లేవలేదు.

"మీరు రెండో తూరీ లేదని చెప్పి పోయినారే, మర్నాడే పెద్దాసుపత్రికి పోయి చెవులు చూపించుకోనొచ్చినాడు," అంది. "చెవులు బాగుండాయని డాక్టరు చెప్పినా నమ్మలా. మేస్త్రీకి వినబడనిది నాకెట్లా వినబడతాదే, అని రాత్రంతా చెవిలో వేలు పెట్టుకోని తిప్పుకుంటా కూర్చుండె."

నేనే కూర్చుని ఆ గిన్నెల మూట విప్పాను.  దొరస్వామి నా సామాన్ల సంచి మోసుకుని బస్సు దాకా వచ్చాడు.

"తప్పు నాదిరా," అన్నాను.

అతను అది విన్నట్టే లేదు. సంచి అందిస్తూ మెల్లగా అడిగాడు. "అన్నా, ఇందాక చప్పుడు... మీకూ వినబడింది గదా?"

వినబడిందని చెప్పాను. మళ్ళీ అడిగాడు.