పిడి లేని బోరింగు

ఆ మధ్యాహ్నం ఒమోడింగ్ ఇంట్లో అయిదుగురున్నారు. చాప మీద మూడేళ్ల ఒకిరియా, వాడి తల ఒళ్లో పెట్టుకుని తల్లి అకోల్, పొయ్యి దగ్గర నానమ్మ ఆగుటి, లోపలికి రాలేక బయటికి పోలేక గడపలో నిలబడ్డ తండ్రి ఒమోడింగ్. అయిదో మనిషి అముగే. ఆమె ఆ ఇంటి మనిషి కాదు. ఊళ్లకు బోర్లు వేయించే ప్రాజెక్టులో పనిచేస్తుంది. వానలు వెనకబడ్డప్పుడు ఈ ఊరు వచ్చి, అప్పటినుంచి ముసలమ్మ పక్కనే మంచం వేసుకుని ఉంటోంది.

పిల్లవాడికి నిన్నటినుంచి విరేచనాలు కట్టలేదు. కళ్లు లోపలికి పోయాయి. అముగే వాడి పొట్ట మీద చర్మాన్ని మెల్లగా పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. ఆమె ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పట్టింది. ఊరవతలి చిత్తడినేల నుంచి తెచ్చి కాచిన నీళ్లవి. ఎంత కాచినా టీ రంగు పోలేదు. సగం లోపలికి పోయాయి, సగం చెంప మీదుగా కారిపోయాయి.

కేకేస్తే వినపడే దూరంలో కొత్త బోరింగు ఉంది. దానికి పిడి లేదు. పిడి అముగే మంచం కింద, గోనెసంచిలో ఉంది.

నీళ్లు పడ్డ రోజున ఊరంతా తడిసింది. పరీక్షకు పంపితే, నిక్షేపంగా తాగొచ్చని పట్నం నుంచి కబురు కూడా వచ్చింది. ఆ వెంటనే ప్రాజెక్టు అధికారి ఒపొలోట్ వచ్చి పిడి విప్పించాడు. డబ్బిచ్చిన దొరలు సముద్రం దాటి వస్తున్నారట. మొదటి బిందె వాళ్ల చేతుల మీదుగా నిండాలి, అప్పుడు జనం ఆడాలి, ఫొటోలు తియ్యాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టకూడదు. పిడీ, దాన్ని బిగించే పానా అముగేకి అప్పగించి జీపెక్కాడు.

ఊళ్లో పాత నీటిగుంట ఒకటి ఉండేది. అదీ మంచిది కాదు గానీ, అందులోకి పశువులు దిగేవి కావు. బోరు కావాలంటే గుంట పూడ్చాలన్నది ప్రాజెక్టు షరతు. ఆడవాళ్లను కూర్చోబెట్టి ఆ మాట చెప్పింది అముగే. ఆమె చెప్పిందని వాళ్లే మట్టి మోశారు, ముళ్లకంప వేశారు. ఇప్పుడు పసుపు రంగు నీళ్ల డబ్బాలు నెత్తిన పెట్టుకుని పశువులు దిగే చిత్తడికి పోతున్నారు. దారిలో అముగే ఎదురైతే పలకరిస్తూనే ఉన్నారు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉంది.

చెంచా అకోల్ చేతికిచ్చి అముగే బయటికి వచ్చింది. ఫోనుకు సిగ్నల్ అందేది ఊరి చివరి పెద్ద పుట్ట మీదే. ఎక్కి ఒపొలోట్‌కు ఫోను చేసింది. పిల్లవాడి సంగతి చెప్పింది. పిడి బిగిస్తానని, అతిథులు వచ్చే ముందురోజు మళ్లీ విప్పేస్తానని అంది.

అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది ఆమెకు.

"చూడమ్మా, గట్టు చుట్టూ బురదవుతుంది. కొత్త సిమెంటు నల్లబడుతుంది. వాళ్లేమన్నా గుడ్డివాళ్లా? వాళ్లు సంతోషపడితే ఇంకో పది ఊళ్లకు బోర్లొస్తాయి. ఒక్క పిల్లాడి కోసం పది ఊళ్లు పోగొడతావా?"

అతిథుల విమానం వాయిదా పడిందనీ, రావడం వచ్చే వారమనీ కూడా చెప్పాడు. ఆమె ఉద్యోగం పొడిగింపు కాగితం తన బల్ల మీదే ఉందని, నవ్వుతూనే గుర్తు చేశాడు.

"నీళ్లెక్కడికీ పోవు కదా," అని పెట్టేశాడు.

ఆ పది ఊళ్లలో కొన్ని ఆమె నడిచి చూసినవే. అక్కడి గుంటలూ, వాటి చుట్టూ వంగిన నడుములూ తెలుసు. ఒపొలోట్ మాట అబద్ధం కాదు. పుట్ట దిగుతుంటే ఆ మాట ఆమె వెంటే దిగింది.

ఇంట్లో అందరూ ఆమె ముఖం వైపు చూశారు. ఇంకో వారం ఓర్చుకోవాలట, లేకపోతే పది ఊళ్ల బోర్లు పోతాయట అని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆ గొంతు ఒపొలోట్‌ది లాగే ఉందని ఆమెకే తోచింది.

అకోల్ తల ఎత్తలేదు. "నీళ్ల సంఘానికి నువ్వే కదా పెద్ద. నువ్వేమంటావు?" అంది మొగుడితో.

ఒమోడింగ్ గడప గోకాడు. ఆ అతిథులు బడికి కప్పు కూడా వేయిస్తారని అతనికి ఆశ. "కొత్త కల్లుకుండలో పీల్చే గొట్టం మొదట ఎవరు పెడతారు? పెద్దవాళ్లు, వచ్చిన చుట్టాలు. వాళ్లకంటే ముందు మనం మూతి పెడితే ఏం మర్యాద?"

పొయ్యి దగ్గరనుంచి ఆగుటి అంది: "కల్లు లేకపోతే ఎవడూ చావడురా. మీ నాన్నకి ఆ కల్లు పొయ్యకపోతే ఇంకో పదేళ్లు బతికేవాడు."

ఒకిరియా ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. కాళ్లు చల్లబడ్డాయి. అకోల్ వాణ్ని గుడ్డలో చుట్టి లేచింది. ఒమోడింగ్ పరుగెత్తి పక్కింటి కుర్రాడి మోటార్‌సైకిల్ తెచ్చాడు. ఆ కుర్రాడి వెనక కూర్చుని తల్లీ బిడ్డా ఆస్పత్రి దారి పట్టారు. వెనకే అతను సైకిలు తొక్కుకుంటూ పోయాడు. ఎర్రటి దుమ్ము లేచి చాలాసేపు దారి మీదే నిలిచింది.

ముసలమ్మ చాప ఎత్తి దులిపింది. చెంచా కడిగింది. తర్వాత అముగే మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కింద చెయ్యి పెట్టి, గోనెసంచి లాగడం మొదలుపెట్టింది. ఇనుము నేల మీద గీసుకుంటూ వచ్చింది. అముగే సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది.

"అవ్వా, నేనేం చెయ్యను? నా చేతిలో ఏముంది?"

"చేతిలో ఎందుకుంటుందే? మంచం కింద దాచావుగా."

సంచిని వాకిట్లోకి ఈడ్చింది. రొప్పు తీర్చుకుని, అముగే బ్యాగు తెచ్చి దాని పక్కన పెట్టింది. పానా బ్యాగులోంచి బయటికి కనిపిస్తోంది. చెప్పులు కూడా మరిచిపోకుండా తెచ్చి, జత కలిపి పెట్టింది. ఇన్నాళ్లూ రాత్రిపూట అముగేకి తన దుప్పటి సగం కప్పిన మనిషి ఆమె.

"పది ఊళ్ల సంగతి నువ్వు చూసుకో తల్లీ," అంది. తిట్టినట్టుగా లేదు, అలిసిపోయినట్టుగా ఉంది. "ఇది లోపల ఉండగా ఆ బిడ్డను నేను ఈ ఇంట్లోకి తెచ్చుకోను. నువ్వు కూడా దీన్ని బోరుకు బిగించకుండా రాకు."

చిత్తడి నుంచి వస్తున్న ఆడవాళ్లు దారిలో ఆగారు. డబ్బాల్లోంచి నీళ్లు భుజాల మీదికి కారుతున్నాయి. సంచి నోరు విప్పుకుని ఇనుప పిడి కొస బయటపడింది. వాళ్లు దాన్ని చూశారు, అముగేని చూశారు. ఈసారి ఎవరూ పలకరించలేదు.

అముగే వంగి పిడి అందుకుంది. ఎండకు అప్పుడే వేడెక్కింది. ఏదో చెప్పాలని వెనక్కి తిరిగేసరికి, ఆగుటి రేకు తలుపు దగ్గరగా వేసి, లోపల గడియ పెట్టింది.