షెడ్డులోకి రాకూడని అల్లుడు

మా నాన్న ఎరల్‌కి దేవుడి మీద అంతంత మాత్రమే నమ్మకం. హోల్డెన్ కంపెనీ బండ్ల మీద మాత్రం గట్టి నమ్మకం. మాలీ అనే మా మెట్ట ప్రాంతపు గోధుమ పొలాల్లో మనుషులు రెండే జాతులు, హోల్డెన్ వాళ్లు, ఫోర్డ్ వాళ్లు. నేను హోల్డెన్ ఇంట్లో పుట్టి ఫోర్డ్ వాణ్ణి చేసుకున్నాను. నా భర్త లిండ్సే తాగి వాగడు, గుర్రప్పందాల జోలికి పోడు, గొర్రెల ఉన్ని కత్తిరించడంలో ఈ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఏం లాభం? పెళ్లిరోజునే నాన్న అతని చెయ్యి పట్టుకుని, "ఇంట్లోకి రా, తిను, పడుకో. నా షెడ్డు గడప మాత్రం తొక్కకు," అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

మా పిల్లలు హైస్కూలుకి వచ్చినా ఆ మాట మారలేదు. ఏటా హోల్డెన్లూ ఫోర్డ్‌లూ తలపడే బాథర్స్ట్ కార్ల రేసు రోజున మేమంతా షెడ్డులో టీవీ ముందు కూర్చుంటే, లిండ్సే బయట ఎండలో సాసేజీలు కాలుస్తూ, ఎవరు ముందున్నారో మా కేకల్ని బట్టి తెలుసుకునేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఏం నాన్నా, నా మొగుడికి గజ్జి ఉందా?"

"గజ్జికైతే మందుంది," అనేవాడు.

ఈ ఏడు నాన్నకి కొత్త పిచ్చి పట్టింది. షెడ్డు మూల తుప్పు పట్టిపోయి, సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్న పాత హోల్డెన్ యూట్‌ని, అదే, వెనక బస్తాల తొట్టి ఉన్న బండిని, బాగు చేసి, ఊళ్లో ఏటా జరిగే రైతుల షోలో పాత బండ్ల వరసలో తనే నడపాలట. "వచ్చే ఏటికి ఉంటానో పోతానో," అన్నాడు. ఆ మాటన్నాక కాదనడానికి నాకు నోరెలా వస్తుంది? సెలవులన్నీ అక్కడే తగలేశాను. తుప్పు గీకాను, చిల్లులు పడ్డ చోట రేకు ముక్కలు వెల్డింగ్ చేశాను, నా జుట్టు నిండా ఎర్రటి పొడి. నాన్న పక్కన స్టూలేసుకుని, "నలభై ఏళ్లు మోసింది, ఒక్కనాడు మాట పడలేదు. అదీ హోల్డెన్ అంటే!" అని పురాణం చదివేవాడు.

ఒక్క షరతు పెట్టాడు. బండి పైన నేను, కింద ఆయన. రెండు మోకాళ్లూ అరిగిపోయిన మనిషి! దూరితే మళ్లీ లేపడానికి నా ప్రాణం పోయేది. అయినా నన్ను కిందకి వంగనిచ్చేవాడు కాదు.

ఇంజను మోగింది. నాన్న బానెట్‌ని ముద్దు పెట్టుకున్నాడు. తీరా షో దగ్గర పడ్డాక వెనక బ్రేకులు బిగుసుకుపోయాయి. నాన్న కిందకి దూరాడు, నడుం పట్టేసింది, గోధుమ బస్తాని లాగినట్టు కాళ్లు పట్టి బయటికి లాగాను. పాలిపోయిన మొహంతో గోడకి చేరగిలబడ్డాడు.

"ఇంక వద్దులేవే. పట్టా కప్పెయ్."

"కప్పను. లిండ్సేని పిలుస్తా."

"వాడు ఇందులో అడుగు పెడితే నేను చచ్చినట్టే."

"చద్దువుగానీ. షో అయ్యాక."

లిండ్సే వచ్చాడు. టోపీ తీసి గడప బయటే నిలబడ్డాడు. "మామా, రమ్మంటారా?" నాన్న గోడకేసి చూస్తున్నాడు. "రావయ్యా బాబూ!" అని నేనే అరిచాను.

లిండ్సే టార్చి పట్టుకుని బండి కిందకి దూరాడు. కాసేపు స్పానరు చప్పుడు. తర్వాత ఆ చప్పుడూ ఆగిపోయింది. నాన్న మొహంలో నెత్తుటిచుక్క లేదు, లిండ్సే బూట్ల వంకే చూస్తున్నాడు. గుండెపోటేమో అని హడలిపోయి, అసలు కింద ఏముందా అని నేనూ వంగి చూశాను.

వెనక ఇరుసు. దాని మధ్యలో ఉండే ఇనప బుర్రకి హోల్డెన్‌లో అయితే వెనకవైపు బోల్టులతో మూత ఉంటుంది. దీనికి మూతే లేదు, నున్నగా, గుండ్రంగా ఉంది. అలాంటిది మా ఇంటి ముందు రోజూ నిలబడే లిండ్సే బండి కింద ఉంది. అచ్చమైన ఫోర్డ్.

"కోతల టైములో బస్తాలు రెట్టింపు ఎక్కించా," అన్నాడు నాన్న, గోడకి చెప్పుకుంటున్నట్టు. "ఇరుసు విరగ్గొట్టా. చేతికి దొరికింది అదొక్కటే. మీ అమ్మకి కూడా చెప్పలేదు."

అప్పుడు వెలిగింది నాకు. షెడ్డులోకి వచ్చే హోల్డెన్ వాళ్లు టీవీ చూసి పోతారేగానీ బండి కిందకి వంగరు, నన్ను వంగనివ్వనిదీ ఇందుకే. చూడగానే గుర్తుపట్టగలిగే ఫోర్డ్ మనిషిని ఇన్నేళ్లుగా గడప బయట ఉంచాడు. ద్వేషం కాదు, పాడూ కాదు. భయం! ఇందుకా నా మొగుణ్ణి ఎండలో మాడ్చింది? కడిగేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

ఇంతలో కింద నుంచి లిండ్సే గొంతు. "ఎంతైనా హోల్డెన్ హోల్డెనే మామా. ఇలాంటి ఇరుసు చెయ్యడం మావాళ్ల తరం కాదు."

నాన్న గోడవైపు నుంచి మొహం తిప్పాడు. తర్వాత నా మీద కసురుకున్నాడు. "అలా గుడ్లప్పగించి చూస్తావేంటే? వాడికి బీరు తీసుకురా. ఇక్కడికే."

బ్రేకులు లిండ్సే సరిచేశాడు, షో రోజున నాన్నే నడిపాడు. తర్వాత బండి నిలబెట్టాక జనం మూగారు. ఎవరైనా వెనక్కెళ్లి వంగబోతే చాలు, మామా అల్లుళ్లిద్దరూ భుజం భుజం కలిపి అడ్డం నిలబడుతున్నారు. హోల్డెన్ క్లబ్బు పెద్దాయనకి నచ్చలేదు.

"ఏమయ్యా ఎరల్, ఈ ఫోర్డ్ వాడికి ఇక్కడేం పని?"

నాన్న ఎగాదిగా చూశాడు ఆయన్ని.

"నోరు జాగ్రత్త. వాడు మావాడు."