లూల్వా కత్తికి పసుపు

ఈ అరబ్బు దేశంలో, మిష్రిఫ్‌లో నేను పనిచేసే ఇంట్లో నాకు అప్పగించిన వస్తువుల్లో ఇస్త్రీ పెట్టె, వాక్యూమ్ క్లీనర్, పద్నాలుగు తివాచీలతో పాటు రెండు వెలుగు కత్తులు కూడా ఉన్నాయి. ఒకటి నీలం, ఇంకొకటి ఎరుపు. పిడి అల్యూమినియంది. దాని మీద మీట నొక్కితే పైన బిగించిన తెల్లటి ప్లాస్టిక్ గొట్టం మొదలు నుంచి కొస దాకా సర్రున వెలుగుతుంది. ఊపితే తేనెపట్టును కదిపినట్టు రొద చేస్తుంది. ఆర్పేస్తే మాత్రం స్నానాల గదిలో వేసే గొట్టంలాగే ఉంటుంది.

అవి మా మామా కూతురు లూల్వావి. ఇంటి యజమానురాలిని ఇక్కడ అందరం మామా అనే పిలుస్తాం. లూల్వాకు ఇరవై ఏళ్లు, యూనివర్సిటీలో చదువుతోంది. టీవీలో వచ్చే ఒక సీరియల్ అంటే ఆమెకు ప్రాణం. గ్రహాల మధ్య జరిగే కథ అది. నీలి కత్తుల వాళ్లది ఒక గ్రహం, ఎర్ర కత్తుల వాళ్లది ఇంకో గ్రహం. ఆ కత్తుల కాంతి తగిలితే ఇనుప తలుపులు కూడా జున్నుముక్కల్లా తెగిపోతాయి.

మాటలన్నీ ఇంగ్లీషు, కింద వచ్చే అక్షరాలు అరబ్బీ. రెండేళ్లు ఆమె సోఫా వెనక నిలబడి, బట్టలు ఇస్త్రీ చేస్తూ తొమ్మిది భాగాలు చూశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కథంతా నాకు తెలుసనే అనుకున్నాను. నేను మాట తక్కువ మనిషిని. అందుకే నా చూపు గట్టిదని నాలో నాకే ఒక గొప్ప. భాష వచ్చినవాళ్లు మాటల వెంట పడిపోతారు, నేను ముఖాలు చూస్తాను కాబట్టి అసలు సంగతి నాకే దొరుకుతుంది అనుకునేదాన్ని. ఆ విధంగా నేను తేల్చుకున్నదేమిటంటే, అది రెండు గ్రహాల మధ్య గట్టు తగాదా. ఒక పాత కట్టడంలో గోడ మీద పచ్చ కత్తి పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉంటుంది. దాని ముందుకు రాగానే నీలం వాళ్లు, ఎరుపు వాళ్లు ఒకేలా కత్తులు ఆర్పేసి తలలు దించుకుంటారు. గ్రామదేవత. ఇంకెవరై ఉంటారు?

లూల్వా లాంటి పిచ్చి ఉన్నవాళ్లంతా ఏటా ఒక పెద్ద హాల్లో చేరి, ఆ వేషాలు కట్టి తిరుగుతారు. అక్కడి స్టేజీ మీద కత్తియుద్ధం చేయాలని లూల్వా రెండేళ్లుగా అడుగుతుంటే ఈ ఏడాది ఒప్పుకున్నారు. ఆమె నీలి యువరాణి, ఆమె స్నేహితురాలు ఎర్ర శత్రువు. ఇంకో అయిదు రోజులు ఉందనగా ఆ స్నేహితురాలికి కాలు బెణికింది.

అంతకు ముందు నెలన్నర నుంచీ సాయంత్రాలు లూల్వా సాధన చేసేటప్పుడు, ఎదురుగా ఎవరో ఒకరు నిలబడాలని నన్ను నిలబెట్టేది. మొదట చీపురు కర్ర పట్టుకుని, తర్వాత ఎర్ర కత్తి పట్టుకుని నిలబడ్డాను. అందుకని ఆ రోజు నన్ను పిలిచింది.

"గంగా, నువ్వే చెయ్యాలి. హెల్మెట్ ఉంటుంది, నువ్వెవరో ఎవరికీ తెలీదు. నాలుగో నిమిషంలో నా చేతిలో చచ్చిపోవాలి. అంతే."

చచ్చిపోవడం వరకైతే చేయగలననిపించింది.

"ఇది పాడైతే మళ్లీ మమ్మల్ని పిలవరు. బాగా చేస్తావు కదా?" అంది. రెండేళ్లలో ఆమె నన్ను బతిమాలడం అదే మొదటిసారి. నేను తల ఊపి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, అద్దం ముందు రెండుసార్లు చచ్చి చూసుకున్నాను.

ఆ ప్రదర్శన శుక్రవారం సాయంత్రం. శుక్రవారమే మహానవమి, ఆయుధ పూజ. మా ఇంట్లో ఆ రోజు కొడవలి, పార, నాన్న ట్రాక్టరు తాళం చెవులు, అమ్మ కుట్టుమిషను అన్నిటికీ బొట్లు పెడతాం. ఇక్కడ ఇస్త్రీ పెట్టెకూ వాక్యూమ్ క్లీనర్‌కూ నా గదిలోకి తెచ్చుకుని, ఎవరి కంటా పడకుండా పెట్టుకుంటాను. ఈసారి లూల్వా రెండు కత్తులూ నా చేతికిచ్చి, "బాగా తుడిచి సంచుల్లో సర్దు" అని చెప్పింది. ఇంట్లో ఆయుధం పెట్టుకుని ఆయుధ పూజ నాడు ఊరుకుంటే ఎట్లా? అందులోనూ అది యుద్ధానికి వెళ్లే ఆయుధం.

చాలా ఆలోచించే చేశాను. ఎవరైనా తెలివితక్కువ మనిషి అయితే పిడికి పూసేది. పిడిలో కరెంటు ఉంటుంది, తడి తగలకూడదు. గొట్టం వట్టి ప్లాస్టిక్కు, దానికేమవుతుంది? పైగా కొడవలికి కూడా పసుపు పిడికి రాయం, అలుగుకే రాస్తాం. పసుపు చిక్కగా కలిపి, రెండు గొట్టాలకీ మొదలు నుంచి కొస దాకా గడపకు రాసినట్టు ఒత్తుగా రాశాను. అయిదేసి కుంకుమ బొట్లు పెట్టాను.

మా వంటామె సూరాయమ్మ అప్పుడే తలుపు తోసింది. ఆమెది అమలాపురం దగ్గర పల్లె.

"ఓలమ్మో! ఆ గొట్టాలకి నలుగు ఎడతన్నావేంటే అమ్మాయ్? పెళ్లిగానీ సేత్తన్నావా వాటికి?"

"ఆయుధాలు కదక్కా. ఈ పొద్దు పూజ."

"ఆయుధాలంట! దాంతో కొత్తిమీర కట్ట తెగుద్దా?"

"ఆ కతలో ఇనుప తలుపులే తెగతాయి."

"కతలో అయితే నేనూ మహారాణీనే. నా కూరల కత్తికి రాయవే, అదన్నా రోజూ పనిచేత్తాది."

"తెల్లార్తోనే రాసినా. నువ్వే కడిగేస్తివి."

"కడక్క? మామా కూరలో కుంకం ఏసి వడ్డించమంటావా?" అని నవ్వుకుంటూ వెళ్లి, మళ్లీ తల లోపలికి పెట్టింది. "ఆ పిల్ల సూత్తే ఏమంటాదో! తొందరగా తుడిచెయ్."

"మధ్యాన్నం దాకా తీయగూడదు. నువ్వు గమ్మునుండక్కా, నాకు తెల్సులే."

నాకు తెలుసు అన్నాను చూడండి, ఆ మాట దగ్గరే ఎవరైనా నన్ను ఆపి ఉండాల్సింది. ఫ్రిజ్ డబ్బాలకు పట్టిన పసుపు పోలేదని వారానికోసారి మామా చేత చీవాట్లు తినే మనిషిని నేను. ప్లాస్టిక్కుకు పసుపు పడితే సబ్బుకూ నిమ్మకాయకూ ఎండకూ దేనికీ లొంగదని మిష్రిఫ్ మొత్తంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా తట్టలేదు. డబ్బా వంట సామాను, ఇది ఆయుధం. నా బుర్రలో ఆ రెండూ వేరు వేరు గదుల్లో ఉన్నాయి, మధ్య తలుపు లేదు.

మధ్యాహ్నం తడిగుడ్డతో తుడిచి, సంచుల్లో సర్దేశాను. నా గదిలో బల్బు వెలుతురు ఎటూ పసుపుపచ్చగానే ఉంటుంది. గొట్టాలు బాగానే కనిపించాయి.

హాలు నిండా జనం. నాలుగు చేతుల వాళ్లు, వెండి రంగు ముఖాల వాళ్లు, తల మీద దీపాలు పెట్టుకున్న వాళ్లు. వాళ్లలో మామూలుగా ఉన్నది మామా ఒక్కతే. మూడో వరసలో కూర్చుని ఫోను సిద్ధంగా పట్టుకుంది. లూల్వా తాను రెండేళ్లు కూర్చుని కుట్టుకున్న నీలం అంగీ వేసుకుంది, తలకు అదే రంగు హిజాబ్. నాకు నల్లటి అంగీ, నల్లటి చేతి తొడుగులు, నల్లటి హెల్మెట్.

దీపాలన్నీ ఆరాయి. సంగీతం మొదలైంది. ముందు నేను మీట నొక్కాలి, నొక్కాను. ఎర్రగా వెలిగింది. జనం శత్రువును చూసి "హూ" అని అరిచారు. నాకు గర్వంగా అనిపించింది. తర్వాత చీకట్లో అటు చివర లూల్వా నొక్కింది.

పచ్చగా వెలిగింది.

చివురాకు పచ్చ కాదు, వరిపైరు పచ్చ కాదు. పాము కళ్లలాంటి పచ్చ. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. నీలం, పసుపు కలిస్తే ఏ రంగు వస్తుందో నేను రెండో తరగతిలోనే పలక మీద నేర్చుకున్నాను. అది సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది. నా కత్తికీ పసుపే రాశాను. ఎరుపు మాత్రం ఏమీ ఎరగనట్టు ఎర్రగానే ఉంది, నాలాగే.

మొదటి దెబ్బ లూల్వా కొట్టాలి. డప్పు మోగింది, ఆమె కదల్లేదు. చేతిలో కత్తిని చూస్తూ నిలబడిపోయింది. రెండో డప్పు కూడా పోయింది. కింద జనం గుసగుసలాడుతున్నారు, ఫోన్లు పైకి లేచాయి. నాలుగో నిమిషం దాకా బతకాల్సిన నాకు మొదటి నిమిషంలోనే చావాలనిపించింది. "ఇది పాడైతే మళ్లీ పిలవరు" అన్న మాట హెల్మెట్ లోపల గింగురుమంటోంది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచనలు రావడం ఆ రోజు అది రెండోసారి. పచ్చ కత్తి అమ్మవారిది కదా, అమ్మవారి ముందు శత్రువు ఏం చేస్తాడు? నేను నా కత్తి ఆర్పేసి, నాలుగడుగులు నడిచి వెళ్లి లూల్వా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎర్ర కత్తి ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. రెండు చేతులతో ఆ పచ్చ వెలుగు కొస పట్టుకుని, హెల్మెట్ ఉందన్న సంగతి మరిచిపోయి, కళ్లకద్దుకున్నాను. టక్కుమని చప్పుడైంది.

అంతే, హాలు కప్పు ఎగిరిపోతుందా అన్నంత గోల. కాపాడేశాననుకున్నాను. లోపల నవ్వుకున్నాను కూడా.

లూల్వా నా మీదికి వంగింది. "ఏం చేశావు దీనికి?" పళ్ల మధ్య నుంచి అడిగింది.

"కుర్కుమ్," అన్నాను. పసుపును అరబ్బీలో అలా అంటారు. నాకు వచ్చింది వంటింటి అరబ్బీయే కాబట్టి ఆ మాట సిద్ధంగా ఉంది.

"కుర్కుమా?"

"కుర్కుమ్. మా పండగ. కత్తికి మంచిదని రాశాను. తప్పు నాదే."

"మరి ఈ దండమేంటి? పచ్చ కత్తి ఎవరిదనుకున్నావు?"

"తల్లిది. అందరూ తల దించుకుంటారు కదా."

"లా, గంగా! అది ద్రోహిది. సొంత గ్రహాన్నే అమ్మేసింది. వాళ్లు తల దించుకునేది సిగ్గుతో!"

అప్పుడు అర్థమైంది ఆ గోల దేనికో. ఎర్ర శత్రువు వచ్చి మొక్కాడంటే నీలి యువరాణి ఇన్నాళ్లూ దాచిన గుట్టు బయటపడ్డట్టు. తొమ్మిది భాగాల్లో ఎవరూ చెప్పని సంగతి నేను మోకాళ్ల మీద కూర్చుని చెప్పేశాను. రెండేళ్లు కుట్టుకున్న బట్టల్లో నిలబడ్డ మంచి పిల్లను అంతమంది ముందు ద్రోహిని చేశాను. అదీ దండం పెట్టి మరీ.

ఆమె భుజాలు వణుకుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. హెల్మెట్ అద్దంలోంచి ముఖం కేసి చూస్తే, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది.

"లే," అంది. "ద్రోహి గెలవకూడదు. నువ్వు నా దెబ్బలు కొట్టు, నేను నీవి కొడతాను. నన్ను చంపు."

"నాకు చావడమే వచ్చు," అన్నాను.

"యల్లా, గంగా! కానివ్వు!"

ఎర్ర కత్తి తీసుకుని మళ్లీ వెలిగించాను. నెలన్నర ఆమెను చూస్తూనే ఉన్నాను కాబట్టి ఆమె అడుగులన్నీ నాకు తెలుసు. చూడడం వేరు, చేయడం వేరని మూడో దెబ్బకే తెలిసింది. ఆమె గిర్రున తిరిగే చోట నేను రుబ్బురోలు చుట్టూ తిరిగినట్టు తిరిగాను. కొట్టిన ప్రతిసారీ నోట్లోంచి "సారీ" అని వస్తూనే ఉంది. హెల్మెట్‌లో దూరి ఆ సారీలన్నీ ఏదో మంత్రంలా వినబడ్డాయట, తర్వాత ఎవరో చెప్పారు. చివరి పోటు పొడవాల్సి వచ్చేసరికి చెయ్యి రాలేదు. నాకు అన్నం పెడుతున్న ఇంటి పిల్లను, మామా మూడో వరసలోంచి ఫోనులో తీస్తుండగా, కత్తితో పొడవడం ఎట్లా? కళ్లు మూసుకుని, మూలన బూజు దులిపినట్టు భుజం మీద ఒకసారి అలా తాకించాను.

దానికే లూల్వా ఎంత బాగా చచ్చిందో చెప్పలేను. మూడు అడుగులు వెనక్కి తూలి, కత్తిని గుండెకు హత్తుకుని, మెల్లగా కూలిపోయి, ఆఖరున మీట వదిలి పచ్చ వెలుగు ఆర్పేసింది. నేను అద్దం ముందు చచ్చిన చావులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

బహుమతి మాకు రాలేదు. నాలుగు చేతుల వాళ్లకు వెళ్లింది. కానీ స్టేజీ దిగగానే మా చుట్టూ జనం మూగారు. ఫొటోలు దిగుతూ ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు వేస్తున్నారు. ఈ ప్రదర్శన నడిపే ఆవిడ వాళ్లను తోసుకుంటూ వచ్చి లూల్వా చెయ్యి పట్టుకుంది.

"వచ్చే ఏడాది కూడా మీరే చెయ్యాలి. ఎన్నాళ్లు కూర్చుని వేశారు ఈ పథకం?"

"రెండు నెలలు," అంది లూల్వా, రెప్ప వేయకుండా.

"ఆ పచ్చ ఎక్కడా దొరకని రంగు. ఏ కంపెనీ గొట్టం అది?"

లూల్వా నా భుజం మీద చెయ్యి వేసి, "నా పార్ట్‌నర్ తయారు చేసింది. ఎలా చేస్తుందో ఎవరికీ చెప్పదు," అంది.

అందరూ నా వైపు తిరిగారు. హెల్మెట్ తీసి ముఖం చూపించాను. చేతి తొడుగులు కూడా తీసి కరచాలనం చేయమని ఆవిడ చెయ్యి చాపింది. నేను నవ్వి, తొడుగుతోనే చెయ్యి ఇచ్చాను. లోపల నా పది గోళ్లూ ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి.