రోజా మొదట్లో పోసిన నీళ్ళు

"చేప నీళ్ళు పారబొయ్యబాకమే. నీ రోజాకు పొయ్యి, దండిగా పూస్తాది," అంది అత్త అంకాలమ్మ.

దుర్గ తపేలా పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడింది. పచ్చిచేపలు కడిగిన నీళ్ళయితే ఆమే పోసేది. జువ్వలదిన్నెలో ఏ ఇంట్లోనైనా రోజాకు అదే ఎరువు. ఇవి రాత్రంతా ఉప్పుచేపలు నానిన నీళ్ళు. అత్తకు చూపు మందగించింది, పోల్చుకోలేదు. 'ఇవి ఉప్పువి అత్తా' అన్న మాట గొంతు దాకా వచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో అలా వచ్చి దిగిపోయిన మాటలు ఎన్నో.

"సరే అత్తా," అంది. పోసింది.

వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి. చిటికెన వేలి గోరంత మొగ్గలు విచ్చకుండానే నల్లబడ్డాయి. అది నాటు రోజా. పుట్టింటి చెట్టు కొమ్మ విరిచి ఇచ్చిన ఏడాదికే అమ్మ పోయింది. పుట్టింటి పెరట్లో ఇప్పుడంతా సిమెంటు. అమ్మ జడలోని ఆ వాసన ఈ ఒక్క చెట్టులోనే మిగిలింది. పూసిన పూలన్నీ అత్త దేవుడి పటాలకే పెట్టేది. ఒకసారి ఒక్కటి తను పెట్టుకుంటే, వల బాగుచేసుకుంటున్న భర్త చిన్నపోలయ్య నవ్వాడు. "ఎవురికి చూపించాలనిమే ఈ సోకు?" అప్పటి నుంచి రాలిన రేకులు ఏరి, కొంగున ముడేసుకుని వంట చేసేది.

ఇప్పుడు అతను ఎండిన చెట్టుకేసీ, మొదట్లో తెల్లగా పేరిన ఉప్పుకేసీ చూసి, "పోతే పోనీలేమే. కావలి పోయినప్పుడు పెద్ద పూలది తెస్తా. అయినా పోసేటప్పుడు తెలీలేదా నీకు, ఉప్పని?" అన్నాడు.

తెలుసు. అదే ఆమెను లోపల కోస్తోంది. ఎవరూ కొట్టలేదు, కసరలేదు. అత్త చెప్పింది, చెయ్యి వంగింది. భయమా అంటే భయం కూడా కాదు. వద్దనడం ఎలాగో ఆ చేతికి ఎప్పుడో మరుపొచ్చింది. ఈ పదకొండేళ్ళలో ఆ చెయ్యి ఇంకా వేటి మీద ఏమేం పోసిందో తల్చుకోవడానికే ఆమెకు జంకు పుట్టింది.

మర్నాడు పొద్దున చెట్టు దగ్గర కూర్చుని ఒక్కొక్క కొమ్మనూ గోటితో గీకి చూసింది. ఎక్కడా పచ్చదనం లేదు. మొదట్లో కూడా.

లేచి లోపలికి వెళ్ళి, ఇంటిల్లిపాదీ తాగడానికి కొన్న నీళ్ళ క్యాను ఎత్తుకొచ్చి, మొదట్లో వంచింది.

"అవి తాగే నీళ్ళుమే! తెలీదా నీకు?" అంకాలమ్మ కేకేసింది.

"తెలుసత్తా," అంది దుర్గ. క్యాను ఖాళీ అయ్యేదాకా వంచే ఉంచింది.