రికార్డులో నిలబడ్డ జనం

పక్కవాడి చెమటకి నువ్వు మెప్పు పొందిన రోజు లేదంటావా? అనకు. తల అడ్డంగా ఊపకు. నలుగురూ నిన్ను మెచ్చుకుంటుంటే, అది ఎవరికి రావలసిన మెప్పో తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్న రోజు నీకూ ఉంది. అందుకే కూర్మయ్య సంగతి నీకు చెబుతున్నాను. నవ్వుకోవడానికి కాదు. సరిగ్గా కూర్చుని విను.

వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి కోసెడు దూరంలో ఒక గొల్లపేట ఉంది. కూర్మయ్య అక్కడివాడు. పొద్దున్నే దొడ్డి కంప తీయడం, గొర్రెల్ని ఏటి ఇసుక దాటించి మేపుకి తోలడం, పొద్దు వాలే వేళకి మళ్ళీ తెచ్చి దొడ్డిలో పెట్టడం. ముప్పై ఏళ్ళుగా అదే పని. దానికి తోడు అతను తప్పెటగుళ్ళ దళానికి గురువు. రొమ్ము మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు వేసుకుని, పదహారు మంది చేత అడుగు వేయించేవాడు. యాభై దాటాక మోకాళ్ళు అరిగిపోయాయి. ఎగిరి దిగితే ఎముక ఎముకకి తగిలేది. ఇంటికొచ్చి ఆముదం రాసుకుని మూలిగేవాడు. అయినా గురువు పాగా వదలబుద్ధి కాలేదు.

ఆ పాగాకి ఒక ఆచారం ఉంది. వైశాఖంలో గంగమ్మ సంబరం నాడు, ఆట చివర్లో గురువూ, దళంలో అతని తరవాతివాడూ విడివిడిగా ఆడతారు. ఎవరికి జనం కేక పెద్దగా వస్తే పెద్దలు వాడికే ఆ ఏటి పాగా కడతారు. కూర్మయ్య తరవాతివాడు అతని బావమరిది లక్ష్ముడు, పాతికేళ్ళవాడు. పోయిన ఏడు కేక లక్ష్ముడికే వచ్చింది. కానీ అతనే వెనక్కి తగ్గి, ఆ ఏటికి బావకే కట్టమన్నాడు. కట్టారు. దానికి కూర్మయ్య సంతోషించలేదు. భయపడ్డాడు.

ఆమదాలవలసలో గణపతిరావు పెళ్ళిళ్ళకి మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. అతని దగ్గర ఒక పెద్ద రికార్డు ఉండేది. విశాఖపట్నం హార్బరులో ఓడ దిగిన నావికుడొకడు ఇచ్చి పోయాడు. అట్ట మీద జుట్టు పెంచిన నలుగురు తెల్లవాళ్ళు. ముల్లు పెడితే కరెంటు గిటార్లు పిడుగులు పడ్డట్టు మోగేవి, డ్రమ్ముల దెబ్బకి పందిరి రాటలు అదిరేవి. అది గది తలుపులు మూసుకుని పట్టిన పాట కాదు. దూరదేశంలో వేలమంది ముందు వాయిస్తుంటే, జనం కేకలతో సహా పట్టింది. ఆ జనం ఇంకా అందులోనే ఉన్నారు. ముల్లు పెట్టినప్పుడల్లా లేచి నిలబడి, చప్పట్లు కొట్టి, అరిచేవారు. పెళ్ళిళ్ళ నెలల్లో వాళ్ళ గొంతులు బొంగురుపోయేవి. గణపతిరావు మైకు సెట్టు బాకా ముందు కడవతో నీళ్ళు పెట్టేవాడు. సాయంత్రానికి కడవ సగం ఖాళీ అయ్యేది. దాహం ఎవరికైనా దాహమే కదా అని ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు.

కూర్మయ్య భార్య జగ్గమ్మ ఒక పెళ్ళిలో బాకాకి చెవి ఆనించి వింది. వాళ్ళ భాష ఆమెకి తెలియదు గాని మూలుగు తెలిసింది.

"కాళ్ళు పీకతన్నాయంతన్నారు. ఎప్పుడనగా నిలబడ్డారో ఏటో, కూకోమన్నోళ్ళు నేరు పాపం," అంది ఇంటికొచ్చి.

కూర్మయ్య అందులో జాలి వదిలేసి మిగతాది పట్టుకున్నాడు. సంబరానికి రెండు రోజుల ముందు గొర్రెల్ని భార్యకి అప్పగించి ఆమదాలవలస వెళ్ళాడు. సంబరానికి సెట్టు తెచ్చి, తాను ఆడేటప్పుడు, పాట ముగిసి జనం అరిచేచోట ముల్లు పెట్టమని గణపతిరావుని అడిగాడు. గణపతిరావు ఒప్పుకోలేదు. ఈ వారంలో తొమ్మిది పెళ్ళిళ్ళకి నిలబడ్డారు, ఆ ఒక్కరోజూ వాళ్ళని పడుకోనిమ్మన్నాడు.

"నువ్వేటి సెప్పీది, ఆళ్ళనే అడుగుతాను," అని కూర్మయ్య బాకాలోకి వంగాడు. "బాబూ, ఈ ఒక్కపాలి నాకు కొట్టండి. తరవాత మీరు కూకోండి. మీ బదులు నేను నిలబడతాను."

గణపతిరావు అతని భుజం పట్టి వెనక్కి లాగాడు. "బాకా ముందర అలాటి మాటలు ఆడకూడదు కూర్మయ్యా. ఇన్నారంటే ఇన్నట్టే."

"ఉత్తి మాటే కదా," అన్నాడు కూర్మయ్య. బతిమాలి బతిమాలి గణపతిరావుని ఒప్పించాకే ఇంటికొచ్చాడు.

సంబరం నాడు లక్ష్ముడు ముందు ఆడాడు. అతని తప్పెటకి ముసలివాళ్ళు కూడా లేచి హోయ్ అన్నారు. తరవాత కూర్మయ్య దిగాడు. రెండో గంతుకే మోకాలు మడత పడింది, దెబ్బ తప్పింది. ఆ క్షణాన బాకాలోంచి వేలమంది ఒక్కసారిగా అరిచారు. గుడి గోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి. అది ఎవరి కేకో అక్కడ అందరికీ తెలుసు. పెద్దలు కాసేపు గుసగుసలాడుకున్నారు. కేక పెద్దదై ఉండాలనే ఉంది గాని, ఫలానావాళ్ళే వెయ్యాలని ఆచారంలో లేదు. పాగా కూర్మయ్యకి కట్టారు.

లక్ష్ముడు తప్పెట విప్పి అక్క చేతికిచ్చాడు. "అడిగితే నేనే ఇచ్చీసేవోణ్ణి కదా బావా. పోయినేడు ఇయ్యనేదా?" అన్నాడు. మర్నాడు రైలెక్కి నౌపడ ఉప్పుమడుల్లో కూలికి పోయాడు.

జగ్గమ్మ తమ్ముడి తప్పెటని అటక మీద పెట్టింది. "అలిసిపోయినోళ్ళ సేత అరిపించినావు. ఉన్నోణ్ణి ఎల్లగొట్టినావు," అని మాత్రం అంది.

ఆ మధ్యాహ్నం కూర్మయ్య గంజి తాగుతుండగా ముంత చేతిలోంచి జారింది. లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ వాటంతట అవే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాయి. ఇరవై నిమిషాలు కొట్టి ఆగాయి. సాయంత్రం మళ్ళీ లేపాయి. రెండు రోజులాగి గణపతిరావు వచ్చి సంగతి చెప్పాడు. రికార్డులో జనం కూర్చున్నారు. కొందరు గురక కూడా పెడుతున్నారు. గిటార్ల వెనకాల ఒక్క మనిషి చప్పట్లే వినిపిస్తున్నాయి. రికార్డు ఆపమని జగ్గమ్మ బతిమాలింది. పెళ్ళివారికి మాట ఇచ్చేశానన్నాడు అతను, తల దించుకుని. పైగా ఎవరూ వంక పెట్టడం లేదట. ఒక్కడైనా బాగా కొడుతున్నాడంటున్నారట.

ఏడాది అలాగే గడిచింది. మందలో గొర్రెలు చెదిరిపోతున్నా కూర్మయ్య నిలబడే ఉండేవాడు. నిద్రలోంచి లేచేవాడు, తింటూ లేచేవాడు. అరచేతులు పగిలి నెత్తురు వచ్చేది. జగ్గమ్మ పసుపు పెట్టేది. సంబరం దగ్గరపడగానే ఆమే నౌపడ వెళ్ళి తమ్ముణ్ణి తీసుకొచ్చింది.

లక్ష్ముడు ఆడాడు. ఏడాది ఉప్పులో నిలబడి పాదాలు పుండ్లుపడ్డా అడుగు తప్పలేదు. కూర్మయ్య వంతు వచ్చింది. తప్పెట మీద మొదటి దెబ్బ వేశాడు. అదే సమయానికి ఆమదాలవలసలో ఎవరి పెళ్ళిలోనో గణపతిరావు ముల్లు పెట్టాడు. కూర్మయ్య చేతులు తప్పెటని వదిలేశాయి.

జనం కాసేపు చూశారు. పెద్దాయన లేచి వచ్చి కూర్మయ్య తల మీద పాగా ముడి విప్పాడు. పట్టుకుందామంటే కూర్మయ్యకి చేతులు ఖాళీ లేవు. ఒక్కొక్క చుట్టే ఊడదీసి, ఆ గుడ్డనే లక్ష్ముడి తలకి చుట్టారు. ముల్లు రికార్డు చివరికి చేరడానికి ఇంకా పదకొండు నిమిషాలుంది. అంతసేపూ కూర్మయ్య నెత్తురు కారే చేతులతో, ఉత్త తలతో, బావమరిది ఎదురుగా నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.