పరాయి సబ్బు వాసన

ఎలాదియో ఆ వారం రోజూ స్నానం చేసి మరీ ఇంటికొస్తున్నాడు. మైదానంలో బంతులు విసిరి చెమటలు కక్కుతూ రావాల్సిన మనిషి పరాయి సబ్బు వాసనతో గుమ్మంలో అడుగుపెడితే ఏ పెళ్లాం ఊరుకుంటుంది? అందులోనూ యొకాస్తా! చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే రకం.

"క్లబ్బులో కొత్త సబ్బు పెట్టారే," అన్నాడు, కాఫీ గ్లాసు ఎడంచేత్తో అందుకుంటూ.

"అబ్బో! జీతాలివ్వడానికి చేతులు రాని క్లబ్బుకి సెంటు సబ్బు కొనడానికి వచ్చాయా?"

ఆమె ముక్కు పనిచేసినంతగా కళ్లు పనిచేయలేదు.

బేస్‌బాల్‌లో బంతులు విసిరే ముప్పై మూడేళ్ల పిచ్చర్‌కి ఇక మిగిలింది మెక్సికో కాంట్రాక్టు ఒక్కటే. ఆదివారం సంతకాలు. ఆ డబ్బొస్తేనే ఇంటికి స్లాబు పడుతుంది. మూడేళ్లుగా గోడల మీద ఇనప చువ్వలు అలాగే నిలబడి ఉన్నాయి. ఆ డబ్బు ఏ మాయలాడి పాలవుతుందోనని యొకాస్తాకి ఒకటే గుబులు.

శుక్రవారం మొగుడి వెంటపడింది. అతను కొట్టు పక్క సందులో, మొగుడు పోయిన వెనేసియా ఇంట్లోకి దూరాడు. సాన్ పెద్రో ఊరికి కొత్తగా వచ్చిన మనిషి, ఏం చేసి బతుకుతోందో ఎవరికీ తెలీదు. కొట్టు ముందు డొమినోలు ఆడుతున్నవాళ్లలో మెక్సికో క్లబ్బు మనిషి ఫౌస్తో కూడా ఉన్నాడు. యొకాస్తాకి అవేం పట్టలేదు. తలుపు దబదబా బాదింది.

"ఏమే! నీ మొగుడు పోతే నా మొగుడు కావాల్సొచ్చాడా? బయటికి రావే!"

డొమినోల చప్పుడు ఆగిపోయింది.

"ఒసేయ్, అరవకే! నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు ఎలాదియో లోపల్నించి. దాంతో ఆమె అనుమానం కాస్తా నిజమైపోయింది. గొంతు ఇంకా పెంచింది.

వెనేసియా తలుపు తీసింది. మోచేతులదాకా పాము కొవ్వు. మాట పడే మనిషి కాదు.

"నోరు అదుపులో పెట్టుకో! కొవ్వు రాసి నరాలు తోమడం నా పని. నీ మొగుడి మోచెయ్యి బూరెలా వాచింది. డాక్టరు దగ్గరికెళ్తే మెక్సికో క్లబ్బుకి తెలుస్తుందని నా దగ్గరికొస్తున్నాడు. కొవ్వు కంపు పోవడానికి సబ్బిచ్చి పంపుతున్నా. చెయ్యే పైకి లేవనివాడితో నాకు సరసమా?"

యొకాస్తా మనసు కుదుటపడింది. అదీ ఒక్క క్షణమే. వెనక్కి తిరిగి చూసేసరికి ఫౌస్తో చేతిలో ముక్కలు బోర్లించి లేచాడు.

"వెళ్లొస్తానమ్మా," అన్నాడు, మర్యాదగానే.

ఆదివారం సంతకాలకి ఎవరూ రాలేదు. యొకాస్తా కాఫీ తెచ్చి అలవాటుగా అతని కుడివైపు పెట్టింది. గబగబా ఎడమవైపుకి జరిపింది.

"తిట్టవయ్యా! ఒక్క మాటైనా తిట్టు," అంది ఏడుస్తూ.

"ఎందుకే తిట్టడం," అన్నాడు ఎలాదియో. "ఇంక ఏ చేత్తో తాగినా ఒకటే."