తెల్ల పట్టీ శిలువ

జర్మనీలోని ఎమ్డెన్ రేవులో మా సరుకు ఓడ ‘గెసీనె’ లంగరు దించిన కొన్నాళ్లకు, మాకందరికీ ఇనుప శిలువలు ఇస్తారని కబురొచ్చింది. మేమెవరమూ సైనికులం కాము. నేను వంటవాణ్ణి, హార్మ్ ఓడ వడ్రంగి, మిగతావాళ్లూ అలాంటివాళ్లే. ఇంగ్లీషు యుద్ధనౌకలు సముద్రమంతా కాపలా కాస్తుంటే వాళ్ల కళ్లుగప్పి దక్షిణ అమెరికా నుంచి రబ్బరు, రాగి దేశానికి చేర్చాం. దానికే ఈ మర్యాద. యుద్ధపు కరువులో ఏ ఇంట చూసినా టర్నిప్ దుంపలే ఉడుకుతున్న ఆ రోజుల్లో, పతకం బదులు ఒక పంది తొడ ఇస్తే బాగుండునని నాకనిపించింది.

హార్మ్ మాత్రం ఆ పతకం మీదే ప్రాణాలు పెట్టుకున్నాడు. వాడూ, వీబ్కె అనే అమ్మాయీ యుద్ధానికి ముందునుంచీ ప్రేమించుకుంటున్నారు. వీబ్కె తండ్రి ఫోల్కెర్ట్స్ నౌకాదళంలో చేసి రిటైరైన మనిషి. ఆయన లెక్కలో యుద్ధనౌక ఎక్కినవాడే నావికుడు.

“సరుకు ఓడలో మిరియాల మూటలు మోసేవాడికి నా పిల్లనివ్వను. చక్రవర్తిగారి పతకం పెట్టుకుని రా, అప్పుడు చూద్దాం” అని హార్మ్ మొహాన్నే చెప్పాడు.

పతకాలిచ్చే రోజున ఆయన పాత యూనిఫాం తొడుక్కుని, కూతురిని వెంటబెట్టుకుని, అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మేం నార్వే ఓడగా వేషం కట్టి వచ్చాం. పేర్లు కూడా మార్చుకున్నాం. హార్మ్ ఓలా అయ్యాడు, నేను పేదర్ అయ్యాను. ఇంగ్లీషు అధికారులు సోదాకి ఓడెక్కితే, మాటల మధ్యలో ఉన్నట్టుండి జర్మన్‌లో “సావధాన్!” అని అరుస్తారని విన్నాం. మాలో చాలామంది కుర్రతనంలో సైన్యంలో కవాతు చేసినవాళ్లే. అలవాటుకొద్దీ ఒక్కడు నిటారుగా నిలబడ్డా అందరం జైలుకే. అందుకని మా కెప్టెన్ బ్రూన్స్ గారు మా వెనక నక్కి రోజూ ఆ అరుపు అరిచేవారు, సొంత పేర్లతో పిలిచేవారు. ఉలిక్కిపడ్డవాడికి ఆ రోజు పొగాకు లేదు. ఇలా కొన్ని నెలలు గడిచేసరికి ఆ మాటలు మా చెవికెక్కడం మానేశాయి.

రేవులో బ్యాండు ఆగింది. బంగారు జరీ భుజాల అధికారి ముందుకొచ్చి “సావధాన్!” అని గర్జించాడు.

మాలో ఒక్కడూ కదల్లేదు. అందరివీ చేతులు జేబుల్లోనే ఉన్నాయి. బొగ్గు వేసేవాడు వీపు గోక్కుంటున్నాడు. నేను సముద్రపు కాకుల్ని చూస్తున్నాను. అధికారి మొహం కందగడ్డయింది. “హార్మ్ ట్యాడెన్!” అని పిలిచాడు. హార్మ్ ఎవరినో పిలుస్తున్నారన్నట్టు పక్కకి చూశాడు.

“చూశావా తల్లీ నీ వాడి నిర్వాకం!” అన్నాడు ఫోల్కెర్ట్స్, రేవంతా వినబడేలా.

కెప్టెన్ గారు పరుగున వచ్చి నార్వే భాషలో ఒక్క కేక వేశారు. రెప్పపాటులో అందరం వరుసలో నిలబడ్డాం. ఆయన సంగతి చెవిలో చెబితే అధికారి పొట్ట పట్టుకుని నవ్వి, మా గుండెలమీద శిలువలు గుచ్చి వెళ్లాడు.

హార్మ్ వెలిగిపోతున్న మొహంతో ఫోల్కెర్ట్స్ ముందుకెళ్లాడు. పెద్దాయన పతకం పట్టీని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

“తెల్ల పట్టీ, నల్ల అంచులు. పోరాడినవాడికి నల్ల పట్టీ ఇస్తారు అబ్బాయ్. ఇది ఆఫీసులో కూర్చున్నవాళ్లకిచ్చేది. పైగా పిలిస్తే పలకను కూడా పలకవు.”

హార్మ్ మొహం పాలిపోయింది. వీబ్కె తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“పెద్దాయనా, పలక్కపోవడం ఎంత కష్టమో మీకు తెలుసా? సోదాకొచ్చిన ఇంగ్లీషువాడు వీడి పడక దగ్గర మీ అమ్మాయి ఫోటో చూశాడు. దాన్ని వీడి ముక్కుకి ఆనించి, ‘ఈ గుర్రం మొహం ఎవరిదిరా?’ అని శుభ్రమైన జర్మన్‌లో అడిగాడు. వీడేం చేశాడో తెలుసా? అర్థం కానట్టు పళ్లికిలించాడు. వాడు ఓడ దిగాక వీడు నా వంటగదిలోకొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాడు.”

ఫోల్కెర్ట్స్ పిడికిళ్లు బిగుసుకున్నాయి. “నేనైతే వాడి పళ్లు రాలగొట్టేవాణ్ణి!” అన్నాడు. ఓడవైపు చూశాడు, మావైపు చూశాడు.

“రాలగొడితే మీరంతా ఇవాళ జైల్లో ఉండేవాళ్లు” అన్నాడు మెల్లగా. “అలా ఓర్చుకోవడం నావల్ల అయ్యేది కాదు.” వంకరగా ఉన్న పట్టీని తన చేత్తోనే సరిచేశాడు. “ఇంటికి పద అల్లుడూ, టీ తాగుదాం.”

నాకు కళ్లు చెమర్చాయి. సిగ్గెందుకు, చెబుతున్నాను. వీబ్కె మాత్రం నడుంమీద చేతులు పెట్టుకుని అడ్డం నిలబడింది.

“గుర్రం మొహమా? నువ్వు నవ్వావా? ఇంతకీ నా ఫోటో ఏది?”

హార్మ్ గొంతు సవరించుకున్నాడు. “ఆ ఇంగ్లీషువాడే జేబులో వేసుకుపోయాడు వీబ్కె.”

“మరి గుర్రం మొహమైతే పట్టుకుపోవడమెందుకు?” అంది. తర్వాత జుట్టు సవరించుకుని, హార్మ్ చెయ్యి పట్టుకుని, మా అందరికంటే ముందు నడిచింది.